జాజ్ ధ్వనికి జేబుకు అందే గిటార్
సందేహాలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. పాత జాజ్ రికార్డుల్లో వినిపించే మెత్తని, గుండ్రని ఎలక్ట్రిక్ గిటార్ ధ్వని తక్కువ ఖర్చులో ఎలా వస్తుందన్నదే ఆ విషయం. అందుకే ఈ శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాను.

ఒక సంగీత దర్శకుడి దగ్గర ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నాను. 1960ల నాటి కథకు ఒక క్లబ్ పాట చేస్తున్నాం. అందులో పాతకాలపు జాజ్ గిటార్ కావాలి. హాలో బాడీ, అంటే లోపల బోలుగా ఉండే గిటార్, లేకపోతే కుదరదని అందరూ అంటున్నారు. నా దగ్గర 30 వేలే ఉన్నాయి. గట్టి చెక్కపలకతో చేసిన సాలిడ్ బాడీతో పని జరుగుతుందా?
– ఫిల్మ్‌నగర్ పాఠకుడు

జరుగుతుంది. ఆ ధ్వని ఎక్కడ పుడుతుందో తెలుసుకుంటే డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా తేలిపోతుంది.

గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరాడు. జాజ్‌లో ఎలక్ట్రిక్ గిటార్‌కు సోలో వాద్యంగా పీట వేసింది ఆయనే. ఆయన వాయించిన గిబ్సన్ ఇఎస్-150 హాలో బాడీయే, 1936లో వచ్చిన మోడల్. అయితే ఆ ధ్వనిలో ఎక్కువ భాగం పెట్టె వల్ల వచ్చింది కాదు. నెక్‌కు దగ్గరగా బిగించిన ఒకే ఒక్క పికప్, లావుపాటి తీగలు, చిన్న వాల్వ్ యాంప్, ఈ మూడూ కలిసి ఇచ్చినది. ఈ మూడింటినీ సాలిడ్ బాడీ మీద కూడా అమర్చుకోవచ్చు.

నెక్ వైపు పికప్ ఎందుకంటే, బ్రిడ్జి దగ్గర తీగ బిగువుగా, కురచగా కదులుతుంది. అక్కడి పికప్‌కు పదునైన పైస్వరాలే ఎక్కువ అందుతాయి. నెక్ దగ్గర తీగ బాగా ఊగుతుంది, మూలస్వరం నిండుగా అందుతుంది. జాజ్ వాద్యకారులు దాదాపు ఎప్పుడూ నెక్ పికప్ మీదే ఉండడానికి కారణం ఇదే. అందుకే షాపులో గిటార్ చేతికి తీసుకోగానే స్విచ్‌ను నెక్ వైపు తిప్పి వినండి. బ్రిడ్జి పికప్ ఎంత బాగున్నా మీ పనికి అది అవసరం లేదు.

సాలిడ్ బాడీ మీద జాజ్ వాయించిన మహామహులు ఉన్నారు. కెనడాకు చెందిన గిటారిస్టు ఎడ్ బికర్ట్ ఎన్నో ఏళ్లు ఫెండర్ టెలీకాస్టర్ మీదే వాయించాడు. దాని నెక్ వైపు హంబకర్, అంటే మోతను రద్దు చేసే రెండు కాయిళ్ల పికప్, పెట్టించుకున్నాడు. ఆయన గిటార్ వాయించిన పాల్ డెస్మండ్ ఆల్బమ్ 'ప్యూర్ డెస్మండ్' వినండి. ఆ గిటార్ సాలిడ్ బాడీ అని చెప్తే తప్ప చాలామంది పోల్చుకోలేరు. జో పాస్ కూడా 1960ల మొదట్లో ఫెండర్ సాలిడ్ బాడీ మీదే వాయించాడు. గిబ్సన్ హాలో బాడీ ఇఎస్-175 ఆ తర్వాత చేతికి వచ్చింది.

ఇక మీ 30 వేల సంగతి. మొత్తం గిటార్‌కే పెట్టేయకండి. ఐదారు వేలు తీగలకూ సెటప్‌కూ పక్కన పెట్టండి. మిగిలిన దానిలో ఈ వరసలో చూడండి.

ఒకటి, నెక్ వైపు హంబకర్ ఉన్న టెలీకాస్టర్ తరహా గిటార్. స్క్వయర్ అఫినిటీలో టెలీకాస్టర్ డీలక్స్ అలాంటిదే, రెండు వైపులా హంబకర్లే. ఎడ్ బికర్ట్ దారికి ఇది దగ్గర.

రెండు, పి-90 పికప్‌లున్న లెస్ పాల్ తరహా. పి-90ని గిబ్సన్ 1946లో తెచ్చింది. 1952లో వచ్చిన మొదటి లెస్ పాల్‌లో ఉన్నవీ ఇవే. 1940, 50ల మట్టివాసన ఉన్న ధ్వని కావాలంటే నా ఓటు దీనికే. ఎపిఫోన్‌లో లెస్ పాల్ స్పెషల్ దొరుకుతుంది. కొత్తది మీ బడ్జెట్ దాటితే సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి. కొనేముందు పికప్ పి-90యేనా అని కళ్లారా చూసుకోండి. అదే పేరుతో హంబకర్లున్న మోడళ్లు కూడా అమ్ముతారు.

మూడు, మామూలు టెలీకాస్టర్. నెక్ వైపు రేకు కప్పిన సింగిల్ కాయిల్ పికప్‌కు టోన్ తగ్గిస్తే చక్కటి జాజ్ స్వరం వస్తుంది.

హాలో బాడీ ఇచ్చేది, సాలిడ్ బాడీ ఇవ్వనిది కూడా ఒకటుంది. హాలో బాడీలో స్వరం 'టప్'మని పుట్టి త్వరగా ఆరిపోతుంది. సాలిడ్ బాడీలో అది సాగుతుంది. దీనికి మందు చాలా తేలిక. బ్రిడ్జి పక్కన తీగల కింద పలచని స్పాంజి ముక్క దూర్చండి, లేదా అరచేతి అంచును బ్రిడ్జి మీద తేలిగ్గా ఆనించి వాయించండి. మీ క్లబ్ పాటలో డ్రమ్స్, బేస్, బ్రాస్ మధ్య వినిపించే గిటార్‌కు ఇది సరిపోతుంది. పక్క వాద్యాలేవీ లేకుండా గిటార్ ముందు మైకు పెట్టి చెక్క పెట్టె నాదాన్ని పట్టాల్సిన ఘట్టం వస్తే మాత్రం ఆ ఒక్క రోజుకు హాలో బాడీ అద్దెకు తెచ్చుకోండి.

నా దగ్గర యమహా పసిఫికా 112 ఉంది. జాజ్ నేర్చుకుంటున్నాను. ఎంత ప్రయత్నించినా ధ్వని పలచగా, రేకులా వస్తోంది. దీన్ని అమ్మేసి వేరేది కొనాలా?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, జూబ్లీహిల్స్

అమ్మకండి. పసిఫికా నమ్మకమైన గిటార్. మీ ఇబ్బంది తీగల్లోనూ నాబుల్లోనూ ఉంది.

మీ గిటార్‌కు షాపులో వేసిన తీగలు సన్నవి, గరుకు చుట్టు ఉన్నవి అయ్యుంటాయి. వాటి స్థానంలో ఫ్లాట్‌వౌండ్ తీగలు వేయించండి. వీటికి పైచుట్టు నున్నని బద్దలా ఉంటుంది. వేలు జరిపినప్పుడు కీచుమనదు, మెరుపు తగ్గి స్వరం నిండుగా వస్తుంది. డడారియో క్రోమ్స్ 11 సెట్‌తో మొదలుపెట్టండి. థామస్టిక్ జాజ్ స్వింగ్ ఇంకా మెత్తగా ఉంటుంది, ధరా ఎక్కువే. ఫ్లాట్‌వౌండ్ తీగలు మామూలు వాటికంటే చాలాకాలం మన్నుతాయి కాబట్టి ఆ ఖర్చు వృథా పోదు.

ఒక జాగ్రత్త తీసుకోవాలి. క్రోమ్స్ సెట్‌లో మూడో తీగ, అంటే జి, చుట్టు ఉన్న తీగ. సన్నరకం సెట్లలో అది 16 లేదా 17 మందంలో (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) నున్నని ఒంటి తీగ. క్రోమ్స్ 11లో దాని మందం 22. పాత నట్ గాడిలో అది ఇరుక్కుంటుంది. ట్యూన్ చేస్తుంటే 'టిక్' అని చప్పుడు వచ్చి శ్రుతి ఒక్కసారిగా గెంతుతుంది. ఆ చప్పుడు వినిపించిందంటే గాడిని సన్నని ఆకురాయితో వెడల్పు చేయించాలి. లోతు పెంచకూడదు. బ్రిడ్జి దగ్గర జి తీగ శాడిల్‌ను కొంచెం నెక్ వైపు జరిపించాలి. తీగల బిగువు పెరుగుతుంది కాబట్టి నెక్ లోపలి కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను కూడా సరిచూడాలి. ఇలాంటి సర్దుబాట్లనే సెటప్ అంటారు. మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు ఈ మూడూ పేరు పెట్టి అడగండి.

తర్వాత స్విచ్ నెక్ పికప్ మీద పెట్టి, వాల్యూమ్ ఏడెనిమిదికి, టోన్ మూడు నాలుగుకు తగ్గించండి. పిక్‌ను బ్రిడ్జి దగ్గర కాకుండా నెక్ చివరి ఫ్రెట్ల పైన ఆడించండి. పిక్ మందంగా ఉండాలి. జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ పిక్ వదిలేసి బొటనవేలి కండతోనే వాయించాడు. మీరూ ఒకసారి అదే స్వరాన్ని పిక్‌తోనూ బొటనవేలితోనూ మీటి చూడండి. రేకు ధ్వని ఎక్కడి నుంచి వస్తోందో మీ చెవికే తెలుస్తుంది.

సాలిడ్ బాడీ అంటే చెక్కపలకకు తీగలు కట్టడమే, అందులో నాదం ఉండదని మా మాస్టారు అంటారు. నిజమేనా?
– పాలకొల్లు పాఠకుడు

మాస్టారి మీద గౌరవంతోనే చెప్తున్నాను, దీనికి జవాబు మీ ఊళ్లోనే పుట్టింది. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతాన్ని వాయించింది సాలిడ్ బాడీ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద. మామూలు మాండలిన్‌కు జంట తీగలుంటాయి, స్వరం పుట్టగానే ఆరిపోతుంది. దాని మీద గమకం నిలవడం కష్టం. ఆయన జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, ఐదో తీగ చేర్చాడు, పికప్‌తో స్వరాన్ని సాగదీసుకున్నాడు. పిల్లవాడిగా ఉన్నప్పుడే, 1983లో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కచేరీ చేశాడు. తర్వాత రిమెంబర్ శక్తి బృందంలో జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించాడు. ఈనాటి మన సంగీత దర్శకుడు దేవిశ్రీ ప్రసాద్‌కు మాండలిన్ గురువు ఆయనే.

తనకు కావలసిన నాదం ఏమిటో శ్రీనివాస్‌కు ముందే తెలుసు. దానికి తగ్గట్టు వాద్యాన్ని మలచుకున్నాడు. మీరూ ముందు రోజూ కాసేపు చార్లీ క్రిస్టియన్, జిమ్ హాల్, గ్రాంట్ గ్రీన్ లాంటి జాజ్ గిటారిస్టులను వినండి. ఏ ధ్వని కావాలో చెవికి ఎక్కాక చెక్కపలకైనా పలుకుతుంది.

మా ఫ్లాట్‌లో గిటార్ యాంప్‌కు పెట్టగానే 'గుయ్'మని మోత. తీగలను చేత్తో పట్టుకుంటే తగ్గుతుంది. పికప్‌లు పాడయ్యాయా?
– గృహిణి, బంజారాహిల్స్

పికప్‌లు బాగానే ఉన్నాయమ్మా. సింగిల్ కాయిల్ పికప్, అది పి-90 అయినా సరే, కరెంటు వైర్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ మోతను తీగల స్వరంతో పాటే పట్టేస్తుంది. తీగలు ముట్టుకుంటే తగ్గుతోందంటే గిటార్ లోపలి ఎర్తింగ్ తీగ తెగలేదని అర్థం. ముందు ఇంటి ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. ఇది ధ్వని కోసమే కాదు, ప్రాణరక్షణ కోసం. యాంప్‌ను మూడు కాళ్ల ప్లగ్‌తోనే వాడండి, మూడో కాలు తీసేయవద్దు. లైట్ల డిమ్మర్, కంప్యూటర్ మానిటర్, ఫోన్ చార్జర్ దూరంగా పెట్టండి. కుర్చీని నెమ్మదిగా తిప్పుతూ వినండి, ఏదో ఒక దిక్కులో మోత బాగా తగ్గుతుంది. అక్కడే కూర్చుని వాయించండి.

ఇవన్నీ చేసినా విసుగనిపిస్తే హంబకర్ ఉన్న గిటార్‌కు మారండి. రెండు కాయిళ్లను ఎదురెదురు దిశల్లో కలిపి మోతను రద్దు చేసే ఈ పికప్‌ను సెత్ లవర్ గిబ్సన్ కోసం 1955లో రూపొందించాడు. 1957 నుంచి గిటార్లలో వస్తోంది. ఆ తర్వాతి జాజ్ రికార్డుల్లోని వెచ్చదనంలో దీనికీ పాత్ర ఉంది.

సెకండ్‌హ్యాండ్ గిటార్ చూడ్డానికి వెళ్తున్నాను. ఏమేం పరీక్షించాలి?
– కృష్ణానగర్ పాఠకుడు

యాంప్ ఉన్నచోటే చూడండి. ముందు నెక్. మొదటి ఫ్రెట్ దగ్గరా, నెక్ బాడీతో కలిసే ఫ్రెట్ దగ్గరా లావు తీగను నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్ పైన సందు చూడండి. పలచని విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే మంచిది. సందు బాగా ఎక్కువున్నా, అసలే లేకున్నా ట్రస్ రాడ్ తిరుగుతోందో లేదో అడగండి. మన హైదరాబాద్‌లో మే నెల పొడికీ జూలై తేమకూ నెక్ కదులుతుంది. రాడ్ పనిచేస్తే దిగులు లేదు, బిగుసుకుపోయి ఉంటే కొనకండి.

రెండోది, ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ మీదా మీటండి. ఒకే చోట చచ్చుగా మోగితే ఫ్రెట్ పని ఉన్నట్టే, ధరలో తగ్గించమనండి. మూడోది, పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్‌నూ నొక్కిన స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చండి. నాలుగోది, నాబులు తిప్పితే గరగరమంటే భయపడక్కర్లేదు, శుభ్రం చేస్తే పోతుంది. ఐదోది, స్విచ్ నెక్ పికప్ మీద పెట్టి టోన్ పూర్తిగా తగ్గించి వినండి. బురదలా ముద్దగా కాకుండా, స్వరం స్వరంగా విడివిడిగా వినిపించిందంటే ఆ గిటార్ మీ పనికి పనికొస్తుంది.

లామకాన్ లాంటి చిన్న సాంస్కృతిక వేదిక మీద స్నేహితులతో జాజ్ వాయించాలని ఉంది. ఇంట్లో రికార్డింగ్ కూడా చేస్తాను. ఎలాంటి యాంప్ తీసుకోవాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బంజారాహిల్స్

చిన్న ఆవరణలో పక్కనే స్పీకర్లున్న వేదిక మీద హాలో బాడీ ఊళ పెడుతుంది. అక్కడ మీ సాలిడ్ బాడీయే సుఖం. యాంప్‌కు కావలసింది ఒక్క గుణం, వాల్యూమ్ పెంచినా బొంగురుపోని క్లీన్ స్వరం. రిహార్సల్ గదిలో రోలాండ్ జెసి-120 కనిపిస్తే వదలకండి. 1975 నుంచీ క్లీన్ స్వరానికి పేరుపడ్డ యాంప్ అది. ట్రెబుల్ తగ్గించి, మిడ్ కొంచెం పెంచండి. బేస్ మరీ పెంచితే బేస్ గిటార్‌తో కలిసి ముద్దవుతుంది. ఎకో, రివర్బ్ చాలా తక్కువగా వాడండి.

ఇంట్లో ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి నేరుగా పెడితే 'ఇన్‌స్ట్రుమెంట్' బటన్ నొక్కడం మరవకండి. లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పికప్ మీద భారం పడి స్వరం చచ్చుబడుతుంది. ఆ తర్వాత స్పీకర్ క్యాబినెట్ సిమ్యులేషన్ తప్పనిసరి. అసలు గిటార్ స్పీకర్ ఐదారు వేల హెర్ట్జ్ దాటితే పెద్దగా పలకదు. ఆ కోత లేకపోతే ఎంత మంచి గిటారైనా గీరినట్టు వినిపిస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లందరికీ ఖర్చు వరస ఇదే. చేతికి హాయిగా ఉండే నెక్, మంచి నెక్ పికప్ ఉన్న మామూలు ధర గిటార్ మొదట. ఫ్లాట్‌వౌండ్ తీగలు, సెటప్ వెంటనే. క్లీన్ యాంప్ ఆ తర్వాత. ఖరీదైన పికప్‌లు, హాలో బాడీ మీ చెయ్యి అడిగినప్పుడు. ఈ వరస తిరగబడితేనే డబ్బు పోయి ధ్వని రాదు.