మగ్గం నుంచి మారుతి దాకా

మన సూరత్‌లో లింబాయత్ వైపు వెళ్తే మరమగ్గాల చప్పుడులో తెలుగు మాటలు వినిపిస్తాయి. తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు ఏళ్ల తరబడి అక్కడ నేస్తున్నారు. రోడ్డు మీద మనం చూసే సుజుకీ కారుకూ మగ్గంతో చుట్టరికం ఉందంటే నమ్ముతారా?

జపాన్‌లోని హమామత్సులో, వడ్రంగం నేర్చిన మిచియో సుజుకీ 1909లో మగ్గాల తయారీ మొదలుపెట్టాడు. తొలి మగ్గం తల్లి కోసం చేశాడట. నలభై ఏళ్లు వ్యాపారం బాగానే సాగింది. 1951లో నూలు బేరాలు పడిపోయాయి. గిరాకీ లేకపోతే ఏమవుతుందో సూరత్ నేతగాళ్లను అడగండి: మగ్గం ఆగితే కూలీ ఆగుతుంది. సుజుకీ కంపెనీ 1952లో సైకిలుకు బిగించే చిన్న ఇంజను, 1955లో సుజులైట్ కారు తెచ్చింది. (టయోటా కూడా మగ్గాల ఇంట పుట్టిందే!)

1982లో సుజుకీ మన ప్రభుత్వ సంస్థ మారుతితో చేయి కలిపింది. 1983 డిసెంబరు 14న ప్రధాని ఇందిరాగాంధీ తొలి మారుతి 800 తాళాలను ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి హర్పాల్ సింగ్‌కు ఇచ్చారు. 2010లో చనిపోయేదాకా ఆయన ఆ కారును వదల్లేదు.

మన అమ్మానాన్నలకు అది అంత సులభం కాదు. బదిలీ అయిన రాష్ట్రంలో కారు ఏడాది దాటి ఉంటే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. ఏపీ నంబరు పోయి సూరత్ జీజే 05 వస్తుంది. ఈ తిప్పలు తప్పించేందుకే 2021లో బీహెచ్ సిరీస్ పెట్టారు. కేంద్ర ఉద్యోగులు అది తీసుకోవచ్చు. బదిలీ ఎక్కడికైనా నంబరు మారదు.