మరియాచి మేళమున స్త్రీలు

మెక్సికో దేశపు పశ్చిమభాగమున, హలిస్కో మొదలగు రాష్ట్రములలో పుట్టి పెరిగిన సంగీతమేళమునకు ‘మరియాచి’ యని పేరు. అచటి ప్రజలు పెండ్లికిని, పుట్టినరోజునకును, తుదకు శవసంస్కారమునకును ఈ మేళమునే పిలిచెదరు. వయొలిన్లు, ట్రంపెట్లు, గిటారు, ఉబ్బెత్తు వీపుగల అయిదు తంతుల విహువేల, పెద్ద బొజ్జతో మంద్రస్వరములు పలుకు గిటారోను ఇందలి ముఖ్యవాద్యములు. 2011లో యునెస్కో సంస్థ ఈ కళను మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. ఇందు స్త్రీలు చోటు సంపాదించుకొనిన విధమును మన మిప్పుడు పరిశీలింతము.

పాటలో వారికి చోటు దొరకుట అంత కష్టము కాలేదు. లూచా రేయెస్ (1906–1944) అను గాయనికి ఐరోపా సంచారమున కంఠము పోయెను. కోలుకొనునప్పటికి గొంతు బరువెక్కి బొంగురుపోయెను. ఆ బొంగురుగొంతే యామెకు కీర్తి తెచ్చినది. పిమ్మట లోలా బెల్త్రాన్ వంటివారు వచ్చిరి. కాని వీరు మేళమునకు ముందు నిలిచి పాడినవారు. వెనుక వాద్యములు పట్టినవారు దాదాపు ఎల్లరును పురుషులే. ఈ భేదమును పాఠకులు గుర్తింపవలెను. అసలు సంగతి యిందే యున్నది.

వాద్యకారుల బ్రతుకు రాత్రుల బ్రతుకు. మెక్సికో నగరపు గారిబాల్ది చౌకములో పిలుపులకై కాచుకొనియుండుట, సారాయి దుకాణములలో వాయించుట, ఊరూర తిరుగుట స్త్రీలకు తగవని పెద్దలు వారించిరి. గిటారోను ఆడువారి చేతికి లొంగదనియు ననెడివారు. ఆ వాద్యమున రెండేసి తంతులను ఒక్కసారి లాగి మీటవలెను. వ్రేళ్లకు బలము కావలయుననుట నిజమే. అయితే ఆ బలము సాధనవలన వచ్చునే గాని పుట్టుకతో రాదు, మగవానికైనను.

మరియొక చిక్కు శ్రుతిది. పురుషకంఠమున కమరిన శ్రుతి సాధారణముగా స్త్రీకంఠమున కమరదు. శ్రుతి మార్చినచో వయొలినుపై వ్రేళ్ల పట్టును, ట్రంపెట్టు స్వరములును మారును. కనుక వాద్యకారులు ఒక్క పాటనే రెండు విధముల అభ్యసింపవలసి వచ్చును.

20వ శతాబ్ది తొలినాళ్లలోనే నయారిత్ రాష్ట్రమున రోసా కిరీనో యను స్త్రీ మగవారి మేళమున వాయించెను. 1948లో మెక్సికో నగరమున ‘లాస్ అడెలితాస్’ అను స్త్రీల మేళమును, తరువాత ‘లాస్ కొరొనెలాస్’ అనునదియు వెలసినవి. అడెలితలనగా 1910లో ఆరంభమైన విప్లవమున పాల్గొనిన స్త్రీలు. కొరొనెల యనగా స్త్రీ కర్నలు. సంగీతమేళములకు ఈ సైనికనామము లేల? తమకు చోటు లేని రంగమున అడుగిడుచున్నామని వా రెరుగుదురు కాబోలు. సరిహద్దు కావల, అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో 1994న స్త్రీలే వాయించు ‘మరియాచి రేనా’ నెలకొనెను. 2008లో న్యూయార్కున స్థాపితమైన ‘ఫ్లోర్ దె తొలొఆచె’ 2017లో లాటిన్ గ్రామీ బహుమానము నందెను.

మేళము లెన్ని వెలసినను, మార్పునకు ముఖ్యకారణము పాఠశాల యని మా తలంపు. పూర్వ మీ విద్య సాధారణముగా తండ్రినుండి కొడుకునకు విని నేర్చుటచే సంక్రమించెడిది. కూతురు వినుటతో సరి. 1970 ప్రాంతమునుండి టెక్సాసు మొదలగు అమెరికా రాష్ట్రముల పాఠశాలలలో మరియాచి తరగతులు ఆరంభమైనవి. అంతకు కొలదికాలము ముందువరకు ఆ టెక్సాసు బడులలోనే స్పానిషు మాటలాడిన పిల్లలను దండించెడివారు. దండనపాలైన యింటిభాష పాటరూపమున బడికి తిరిగి వచ్చినదన్నమాట. అన్యభాషాప్రాంతమున చదువుకొను మన బాలబాలికలకు ఈ సంగతి తెలియదగినది. ఆ తరగతులలో బాలికలును బాలురతోపాటు వాద్యము పట్టిరి. పేరుమోసిన పాత మేళములలో నేటికిని పురుషులదే పైచేయి. కాని బడి మేళములలో వయొలినే గాక, ట్రంపెట్టు ఊదు బాలికలును, తమకంటె లావైన గిటారోనును పొట్టకానించి మీటు బాలికలును ఇప్పుడు కానవచ్చుచున్నారు.