వెనుక ఇరుసు పొడవైతే ముందు చక్రాల మాటేమిటి?

విడిభాగాలు బిగించి బొమ్మ కారు తయారుచేయడం మీలో చాలామందికి తెలిసిన ఆటే. నిజమైన కారునే ఇలా ఇంటి దగ్గర బిగించుకుని రోడ్డుమీద నడిపేవారు కూడా ఉన్నారు. ఇటువంటి కార్లను బ్రిటన్‌లో కిట్ కార్లు అంటారు. కోలిన్ చాప్‌మన్‌కు చెందిన లోటస్ సంస్థ 1957లో 'సెవెన్' అనే తేలికైన చిన్న కారును తెచ్చింది. ఆ రోజుల్లో దానిని విడిభాగాలుగా కొన్నవారికి కొనుగోలు పన్ను తప్పేది. 1996లో రాన్ ఛాంపియన్ అనే ఆయన, అటువంటి కారును పాత ఫోర్డ్ ఎస్కార్ట్ భాగాలతో చౌకగా తయారుచేసుకునే విధానాన్ని పుస్తకంగా రాశారు.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఇంజను వెనుక చక్రాలను తిప్పే ఎస్కార్ట్ కార్ల తయారీ బ్రిటన్‌లో 1980లోనే ఆగిపోయింది. ఏళ్లు గడిచేకొద్దీ వాటి ఇరుసులు దొరకడం కష్టమైంది. మరో కారు ఇరుసు తెచ్చి బిగిద్దామంటే అది పొడవుగా ఉండవచ్చు. ఇరుసును కోసి పొట్టిచేయడం మంచి యంత్రాలున్న కార్ఖానాలో జరగవలసిన పని. అందుచేత కొందరు ముందు చక్రాలనే వెడల్పు చేయాలనుకుంటారు. అది తేలికైన పనేనా? లెక్క వేసి చూద్దాం.

రెండూ సమానంగా ఉండి తీరాలా?

ఎడమ చక్రం మధ్యనుంచి కుడి చక్రం మధ్యకు గల దూరాన్ని ఇంజనీర్లు 'ట్రాక్' అంటారు. మన కారులో ముందు ట్రాక్ 1250 మిల్లీమీటర్లు, కొత్త ఇరుసు వల్ల వెనుక ట్రాక్ 1350 మిల్లీమీటర్లు అనుకుందాం. తేడా 100, అంటే ఒక్కొక్క వైపు 50 మిల్లీమీటర్లు.

రెండు ట్రాకులూ సమానంగా ఉండాలన్న నియమం ఏమీ లేదు. 1955 నుంచి 1975 వరకు ఫ్రాన్సులో తయారైన సిట్రోయెన్ డి.ఎస్. కారుకు ముందు ట్రాక్ 1500, వెనుక ట్రాక్ 1300 మిల్లీమీటర్లు. అయినా అది రోడ్డుమీద నిలకడగా నడిచే కారని పేరు పొందింది. అసలు కావలసింది ముందు వెనుకల మధ్య పొందిక. సమానం చేయాలనుకుంటే మాత్రం ఒక్క కొలత మార్చి ఊరుకోవడానికి వీలులేదు.

సులువుగా కనిపించే దారి

చక్రానికీ దాని హబ్బుకూ మధ్య 50 మిల్లీమీటర్ల మందపు లోహపు బిళ్ల పెడితే సరిపోదా? చక్రం బయటికి జరుగుతుంది, నిజమే. కాని స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో, ఆ గీత మాత్రం జరగదు. ఆ గీత నేలను తాకే చోటుకూ టైరు మధ్యకూ ఉన్న దూరం మొదట 20 మిల్లీమీటర్లు అనుకుంటే, ఇప్పుడు 70 అవుతుంది. ఒక చక్రం గోతిలో పడి, దానిపై 1000 న్యూటన్ల బలం వెనుకకు పనిచేసిందనుకోండి. బలాన్ని దూరంతో గుణిస్తే భ్రామకం వస్తుంది కదా! మొదట అది 20 న్యూటన్ మీటర్లు, ఇప్పుడు 70. మూడున్నర రెట్ల బలంతో స్టీరింగు చేతిలో గుంజుకుంటుంది. చక్రపు బేరింగుల మీద భారం కూడా పెరుగుతుంది.

రెండవ దారి: చేతుల పొడవు పెంచడం

ఇటువంటి కారులో ప్రతి ముందు చక్రాన్నీ పైన ఒకటి, కింద ఒకటి చీలిన చేతులు పట్టుకుని ఉంటాయి. పక్షి రొమ్ము దగ్గరి చీలిక ఎముకను పోలి ఉండడంవల్ల వీటికి 'విష్‌బోన్' అని పేరు. ఒక చివర చట్రానికి మడతబందు లాగా బిగించి ఉంటుంది. రెండవ చివర చక్రం ఉంటుంది. స్ప్రింగు కింది చేతిమీద ఆని ఉంటుంది. బాగా చూడండి, ఇది మీరు పాఠంలో చదువుకున్న మీటే!

కింది చేయి పొడవు 300 మిల్లీమీటర్లు, మడతబందు నుంచి స్ప్రింగు ఆనే చోటికి 240 అనుకుందాం. 240ని 300తో భాగిస్తే 0.8. చక్రం 10 మిల్లీమీటర్లు లేస్తే స్ప్రింగు 8 మిల్లీమీటర్లే నొక్కుకుంటుంది. ఆ స్ప్రింగు ఇచ్చే బలంలో కూడా 0.8 వంతే చక్రాన్ని చేరుతుంది. మీట రెండుసార్లు పనిచేసిందన్నమాట. 0.8ని 0.8తో గుణిస్తే 0.64. చక్రానికి తెలిసే గట్టిదనం స్ప్రింగు గట్టిదనంలో 64 శాతమే.

ఇప్పుడు చేతిని 350 చేసి స్ప్రింగును అక్కడే ఉంచితే? 240ని 350తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే దాదాపు 0.47. చక్రానికి తెలిసే గట్టిదనం నాలుగో వంతుకు పైగా తగ్గింది! కారు ముందుభాగం కిందికి దిగుతుంది.

ఇంకో వింత చూడండి. మలుపులో కారు ఒరగకుండా ముందు స్ప్రింగులు చూపే పట్టు, చక్రం దగ్గరి గట్టిదనం మీదా, ట్రాక్ వర్గం మీదా ఆధారపడుతుంది. ట్రాక్ పెరగడంవల్ల ఆ పట్టు 1.17 రెట్లు కావాలి. గట్టిదనం తగ్గడంవల్ల 0.73 రెట్లకు పడిపోతుంది. రెండూ గుణిస్తే 0.86. వెడల్పు చేసినా ముందుభాగపు పట్టు తగ్గిందే కాని పెరగలేదు!

దీనివల్ల ప్రమాదమేమిటి? ముందుభాగం పట్టు సడలితే మలుపులో ఆ భారాన్ని ఎక్కువగా వెనుక బయటి టైరు మోయాలి. బరువు ఎంత పెరిగితే అంత నిష్పత్తిలో టైరు పట్టు పెరగదు. కనుక వెనుక టైర్లు ముందుగా జారి, కారు గిర్రున తిరిగిపోవచ్చు. అందుకే చేయి పొడవు పెంచినవారు స్ప్రింగునూ మార్చాలి. 0.64ను 0.47తో భాగిస్తే 1.36. మిల్లీమీటరుకు 20 న్యూటన్ల స్ప్రింగు ఉన్నచోట సుమారు 27 న్యూటన్లది కావాలి.

స్టీరింగు కడ్డీని మరవకండి

చక్రాన్ని తిప్పే కడ్డీ కూడా చేతులతోపాటు పైకీ కిందికీ ఊగుతుంది. చేతులు గీసే చాపమూ, కడ్డీ గీసే చాపమూ పొందికగా ఉండాలి. లేకపోతే గతుకు తగిలినప్పుడల్లా, నడిపేవారు తిప్పకపోయినా చక్రం తనంతట తానే పక్కకు తిరుగుతుంది. చేతులు 50 మిల్లీమీటర్లు పెరిగితే కడ్డీ కూడా అంతే పెరగాలి. కడ్డీ చివర మరను విప్పి సాగదీస్తే పట్టుకునేందుకు మరచుట్లు మిగలవు. కొత్త కడ్డీయే వేయాలి. చేతులను అలాగే ఉంచి చట్రాన్నే వెడల్పు చేస్తే, కడ్డీ లోపలి కీలును కూడా అంత బయటికి జరపాలి.

బ్రిటన్‌లో ఇలా తయారైన కారును తనిఖీ చేసి ఆమోదించిన తరువాతే రోడ్డుమీదికి రానిస్తారు. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం, వాహనాలను ఇష్టంవచ్చినట్లు మార్చడానికి ఒప్పుకోదు. కారణం మీకిప్పుడు తెలిసే ఉంటుంది.

చేసి చూడండి

ఒక చెక్కపట్టీ చివర మేకుతో గోడపలకకు వదులుగా బిగించండి. మేకు నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర పట్టీని స్ప్రింగు త్రాసుతో పైనుంచి వేలాడదీయండి. 25 సెంటీమీటర్ల దగ్గర ఒక బరువు కట్టి, ఆ చోటు ఎంత దిగిందో కొలవండి. తరువాత అదే బరువును 30 సెంటీమీటర్ల దగ్గర కట్టి, అక్కడ ఎంత దిగిందో చూడండి. రెండవ కొలత మొదటిదానికి సుమారు 1.44 రెట్లు రావాలి.

చివరగా ఒక లెక్క. 350 మిల్లీమీటర్ల చేతిమీద స్ప్రింగు ఆనే చోటును 240 నుంచి 280కి జరిపితే, పాత స్ప్రింగుతోనే పని జరుగుతుందా? మీరే లెక్కకట్టి చెప్పండి.