రేపటి ఆపరేషనుకు ఇవాళ ఇన్సూరెన్సు కట్టవచ్చా?



ఈ నెల పాఠం మన బిల్లు కౌంటరు దగ్గర మొదలవుతుంది. చుండూరు వైపు నుంచి ఒక పెద్దాయన భార్యను తీసుకుని వచ్చారు. ఆమెకు గాల్ బ్లాడరులో రాళ్లున్నాయని స్కానులో తేలింది. సోమవారం ఆపరేషను చేద్దామని డాక్టరుగారు చెప్పారు. ఆయన కౌంటరులో ఉన్న సిస్టరును నెమ్మదిగా అడిగారు:

"సిస్టరమ్మా, మాకు కార్డు లేదు. అబ్బాయికి ఉద్యోగం వచ్చాక ఆదాయం ఎక్కువైందని తీసేశారు. ఇవాళే తెనాలి వెళ్లి ఏజెంటు చేత ఇన్సూరెన్సు కట్టిస్తే సోమవారానికి పనికొస్తుందా?"

"పనికిరాదు బాబాయిగారూ. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు యాక్సిడెంటుకు తప్ప దేనికీ ఇవ్వరు. పైగా రాళ్లున్నాయని ముందే తెలిసిపోయింది కదా, దానికైతే ఇంకా ఏళ్లు ఆగాలి."

"జబ్బు వచ్చినప్పుడు పనికిరానిది ఎందుకమ్మా మరి?"

ఆయన అడిగిన దానిలో కోపం ఉంది, న్యాయం కూడా ఉంది. జవాబు ఒక్క మాటలో చెప్పగలిగేది కాదు. ఆరోగ్య బీమాను దేశంలో ప్రతి ఒక్కరూ తప్పనిసరిగా కొనాలా, వద్దా అని లోకమంతా వాదించుకుంటున్నది కూడా ఈ ప్రశ్న చుట్టూనే.

చీటీ పాట తెలిసినవారికి ఇది సులువుగానే అర్థమవుతుంది. ఒక ఊళ్లో 100 ఇళ్లున్నాయనుకోండి. ఏడాదిలో 5 ఇళ్లలో పెద్ద జబ్బు వస్తుంది, ఒక్కొక్కరికి 60 వేల ఖర్చు. మొత్తం 3 లక్షలు. వంద ఇళ్లూ పంచుకుంటే ఇంటికి 3 వేలు. ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్న 40 ఇళ్లవారు "మాకెందుకు, మేం బాగానే ఉన్నాం" అని తప్పుకున్నారు. జబ్బు పడేది ఎక్కువగా మిగిలినవారే కాబట్టి ఆ 3 లక్షలు అలాగే ఉంటాయి. అవి 60 ఇళ్ల మీద పడి ఇంటికి 5 వేలవుతాయి. 5 వేలు భారమని మరో 30 ఇళ్లు మానేస్తే, మిగిలిన 30 ఇళ్లకు తలా 10 వేలు. చివరికి జబ్బు ఉన్నవారే మిగులుతారు, వారే కట్టలేకపోతారు. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే అయినా, బీమా కంపెనీలు భయపడేది సరిగ్గా దీనికే.

ఈ భయానికి మన దేశంలో కంపెనీలు వెయిటింగ్ పీరియడ్ పెట్టుకున్నాయి. ముందు నుంచీ ఉన్న జబ్బుకు 4 ఏళ్ల వరకు ఆపడానికి ఇదివరకు వీలుండేది. బీమా నియంత్రణ సంస్థ 2024లో దానిని 3 ఏళ్లకు తగ్గించింది. శుక్లాలు, హెర్నియా, మోకాలి చిప్పల మార్పిడి లాంటి వాటికి కూడా విడిగా గడువు ఉంటుంది. కొనమని ఎవరూ బలవంతం చేయరు, అందుకని ఆలస్యంగా వచ్చినవారికి తలుపు వెంటనే తెరవరు. పెద్దాయనకు ఎదురైనది ఈ తలుపే.

అమెరికా రెండో దారి పట్టింది. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల నుంచి వెళ్లిన పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఈ కథ మన ఇళ్లలో కొంత వినబడే ఉంటుంది. 2010 మార్చి 23న ఒబామా సంతకం చేసిన చట్టం ప్రకారం, 2014 నుంచి జబ్బు ఉందన్న కారణంతో ఏ కంపెనీ కూడా ఎవరికీ పాలసీ నిరాకరించకూడదు. మరి తలుపు అలా తెరిచి పెడితే అందరూ మన పెద్దాయన లాగానే ఆపరేషను ముందురోజు వస్తారు కదా! అందుకే అదే చట్టంలో, ప్రతి ఒక్కరికీ బీమా ఉండాలి, లేనివారు జరిమానా కట్టాలి అని కూడా రాశారు. 2016 నాటికి ఆ జరిమానా పెద్దవారికి మనిషికి 695 డాలర్లు, లేదా కుటుంబ ఆదాయంలో రెండున్నర శాతం, రెంటిలో ఏది ఎక్కువైతే అది.

ఊరుకుంటారా? కోర్టుకు వెళ్లారు. ఒక వస్తువును కొనకపోవడం నేరమెలా అవుతుందని వాళ్ల వాదన. ఇవాళ బీమా కొనమన్న ప్రభుత్వం రేపు ఆరోగ్యానికి మంచిదని ఫలానా కూరగాయ కొనమంటే కొనాలా అని ఒక జడ్జిగారే విచారణలో అడిగారు. నవ్వొచ్చినా ఆ ప్రశ్న తీసిపారేసేది కాదు. మనకూ బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరే, 1988 మోటారు వాహనాల చట్టం అలా చెబుతుంది. కానీ అది మన బండి వల్ల ఎదుటివాడికి జరిగే నష్టానికి. ఇష్టం లేకపోతే బండి కొనకుండా సైకిలు తొక్కుకోవచ్చు. శరీరాన్ని వద్దనుకుని బతకడం కుదరదు. రెండోవైపు వారు ఇలా జవాబిచ్చారు: శరీరం ఉన్నవాడు ఏదో ఒకరోజు ఆసుపత్రికి రాక తప్పదు, డబ్బు లేకుండా వస్తే ఆ బిల్లు పక్కవాడి మీద పడుతుంది, కాబట్టి ఇది కూడా ఎదుటివాడికి జరిగే నష్టమే. ఆసుపత్రిలో పనిచేసేవారిగా ఈ మాటలో ఎంత నిజముందో మాకు తెలుసు. కట్టలేనివారి బిల్లు గాలిలో కలిసిపోదు. దాతల నిధి నుంచో, మరొకరి బిల్లు నుంచో అది తీరాలి.

2012 జూన్ 28న అక్కడి సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ఆ నిబంధనను నిలబెట్టింది. అయితే ప్రభుత్వం ప్రజలను ఒక వస్తువు కొనమని ఆజ్ఞాపించలేదనీ, కొననివారి మీద పన్ను మాత్రం వేయవచ్చుననీ ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ తేల్చారు. తర్వాత 2017లో వచ్చిన మరో చట్టం ఆ జరిమానాను 2019 నుంచి సున్నా చేసింది. దానితో బీమా అంతా కూలిపోతుందని చాలామంది అన్నారు. కూలిపోలేదు. తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రీమియంలో ప్రభుత్వం ఇచ్చే సాయం జనాన్ని లోపల నిలబెట్టింది. నాకు ఈ మొత్తం కథలో ఎక్కువ నేర్పినది ఇదే. జరిమానా కంటే చేయూత ఎక్కువ పని చేసింది. న్యూజెర్సీ, కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం తమ సొంత జరిమానా పెట్టుకున్నాయి. అక్కడున్న మీ పిల్లలు ఉద్యోగం మారే మధ్యకాలంలో ఈ సంగతి మరచిపోకూడదు.

సంఘ కుటుంబాలకు ఆసక్తి కలిగించే ఒక చిన్న విషయం. ఒకరి వైద్యఖర్చును ఒకరు పంచుకునే క్రైస్తవ సహాయ సమాజాలు అక్కడ ఉన్నాయి. 1999 చివరికే నడుస్తూ ఉన్న అలాంటి సమాజాల్లోని సభ్యులకు ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది. మన సంఘాల్లో కూడా వైద్య సహాయ నిధి పెట్టుకుని, కానుకల నుంచి కొంత తీసి ఉంచేవారున్నారు. మంచి పని. బస్సు చార్జీకి, స్కానుకు, నాలుగు రోజుల మందులకు అది ఆదుకుంటుంది. గుండె ఆపరేషనుకు మాత్రం ఒక సంఘం నిధి చాలదు, ఇస్తామని ఎవరూ రాసి ఇవ్వరు కూడా. నిధి ఉంది కదా అని కార్డు తీసుకోవడం మానకండి.

తప్పనిసరి బీమా కొత్త ఆలోచనేమీ కాదు. జర్మనీలో బిస్మార్క్ కార్మికులకు ఆరోగ్య బీమాను చట్టం చేసింది 1883లో. డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరులో అడుగు పెట్టినది కూడా ఆ ఏడాదే. ఇటు ఒక డాక్టరమ్మ రోగుల దగ్గరకు వచ్చింది, అటు ఒక ప్రభుత్వం జీతంలో నుంచి కొంత తీసి పక్కన పెట్టమంది. నూటనలభై ఏళ్లు దాటినా మనకు ఈ రెండూ కావలసినవే.

మన దేశంలోనూ కొందరికి ఇది ఎప్పటినుంచో తప్పనిసరి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట, నెలకు 21 వేల లోపు జీతం ఉన్నవారికి ఇ.ఎస్.ఐ. ఉండాలి. కార్మికుడి జీతంలో 0.75 శాతం, యజమాని 3.25 శాతం. ఉద్యోగి ఇష్టాన్ని ఇక్కడ ఎవరూ అడగరు. కానీ మన చుట్టుపక్కల బియ్యం మిల్లుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో రోజుకూలీగా పనిచేసే ఎంతమంది పేర్లు హాజరు పుస్తకంలో ఉన్నాయి? పుస్తకంలో పేరు లేనివాడికి ఆ చట్టం లేనట్టే. ప్రభుత్వ ఉద్యోగులకు 2013లో హెల్త్ స్కీము వచ్చినప్పుడు జీతాన్ని బట్టి నెలకు 90, 120 రూపాయలు కోయడం మొదలుపెట్టారు. డబ్బు కోస్తున్నారు గానీ ఆసుపత్రిలో కార్డు చూపిస్తే తిప్పి పంపుతున్నారని ఉపాధ్యాయులు ఫిర్యాదు చేస్తూ వచ్చారు. చుండూరులో ఆగని ఎక్స్‌ప్రెస్‌కు చుండూరులో టిక్కెట్టు కొన్నట్టుంటుంది అది.

ఇష్టమున్నవారే చేరండి అన్న పద్ధతి కూడా చూశాం. 2003లో కేంద్రం రోజుకు రూపాయి చొప్పున, మనిషికి ఏడాదికి 365 రూపాయలు కడితే 30 వేల వరకు ఆసుపత్రి ఖర్చు ఇచ్చే పథకం తెచ్చింది. రూపాయే కదా అనిపిస్తుంది, కానీ కూలి మనిషి చేతిలో ఒకేసారి 365 ఎక్కడిది? చేరినవారు చాలా తక్కువ. నాలుగేళ్లు తిరిగేసరికి, 2007 ఏప్రిల్ 1న, మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆ చిక్కును వేరే విధంగా విప్పింది. తెల్లకార్డు ఉన్న కుటుంబం తరఫున ప్రీమియం ప్రభుత్వమే కట్టింది. ఎవరినీ కొనమనలేదు, జబ్బు ముందే ఉందా అని అడగలేదు, 30 రోజులు ఆగమనలేదు. ఊరంతా ఒకేసారి లోపల ఉన్నప్పుడు ఆ తలుపు అవసరమే లేదు.

అయితే ఇది ఉచితం అనకండి. పెట్రోలు మీద, సబ్బు మీద, చెప్పుల మీద మనం కట్టే పన్నే ఆ ప్రీమియం. కూలి మనిషి కూడా కడుతున్నాడు. అంటే తప్పనిసరి అన్నది మన దగ్గర కూడా ఉంది, రసీదు మాత్రం రాదు. పేరు 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, 2019లో మళ్లీ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబాలన్నిటికీ ఏడాదికి రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ ద్వారా, పేద కుటుంబాలకు ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు ద్వారా ఇచ్చే విధానానికి ఆమోదం తెలిపింది. ఆ మరుసటి నెలలోనే, పాత బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపి, చర్చల తర్వాత మళ్లీ మొదలుపెట్టాయి. బీమా అందరికీ ఉన్నా, బిల్లు సకాలంలో తీరకపోతే మంచం దొరకదు.

నా అభిప్రాయం అడిగితే, కౌలు రైతును, కూలి మనిషిని బీమా కొనమని చట్టంతో బెదిరించడం అన్యాయం. వారి తరఫున పన్ను నుంచే కట్టాలి. కారు, పక్కా ఇల్లు ఉండి కూడా ఇంటివారి ఆరోగ్యానికి ఏమీ కట్టుకోని వారి సంగతి వేరు. వారిని సరసమైన ప్రీమియంతో కట్టమనడంలో నాకు తప్పు కనబడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జి.ఎస్.టి. కూడా తీసేశారు కాబట్టి ఖరీదు అనే సాకు కొంత తగ్గింది. నాతో ఏకీభవించని డాక్టర్లు మన ఆసుపత్రిలోనే ఉన్నారు. షుగరు, బి.పి. మాత్రలకు, ఓ.పి. పరీక్షలకు జేబులోంచి పోయే డబ్బును ముందు తగ్గించండి, బీమా సంగతి తర్వాత చూద్దాం అని వారంటారు. 2021-22లో దేశంలో ఆరోగ్యానికి అయిన ఖర్చులో 39.4 శాతం జనం నేరుగా జేబులోంచి పెట్టినదే. చాలా పథకాలు మంచం మీద పడుకుంటేనే ఇస్తాయి. నడుచుకుంటూ వచ్చేవాడి మాత్రలకు ఇవ్వవు. ఈ మాటకు నా దగ్గర గట్టి జవాబు లేదు.

ఇక చేయవలసినవి. మీ కుటుంబం పేరు వైద్య సేవలో ఉన్నదీ లేనిదీ ఆరోగ్యంగా ఉన్న రోజునే మీ సచివాలయంలో చూపించుకోండి. ఇంట్లో 70 ఏళ్లు నిండినవారుంటే, ఆదాయం చూడకుండా ఏడాదికి 5 లక్షల వరకు ఇచ్చే కేంద్ర పథకం 2024 అక్టోబరు 29న వచ్చింది, ఆధార్‌లో వయసు సరిగా ఉందో లేదో చూసుకుని దాని కార్డు గురించి అడగండి. సొంతంగా పాలసీ తీసుకునేవారు ఫారంలో షుగరు, బి.పి. దాచవద్దు. "రాయకపోతే ఏమవుతుందండీ" అనే ఏజెంటు క్లెయిము రోజున మీ పక్కన నిలబడడు. నిజం రాసి 3 ఏళ్లు ఆగినవారికి ఆ జబ్బుకు కూడా డబ్బు వస్తుంది. 5 ఏళ్లు వరసగా కట్టాక, మోసం రుజువైతే తప్ప, పాత జబ్బు చెప్పలేదని క్లెయిము కొట్టేయడానికి వీల్లేదు. పాలసీ చేతికి వచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇవ్వవచ్చు.

పెద్దాయన భార్యకు సోమవారమే ఆపరేషను జరిగింది. బిల్లు కొంత చేతి నుంచి, కొంత అల్లుడి దగ్గర తెచ్చి కట్టారు. డిశ్చార్జి రోజున ఆయన మళ్లీ కౌంటరు దగ్గరకు వచ్చి, కొడుకు వయసు, కోడలి వయసు చెప్పి, ఇద్దరికీ కలిపి ఏడాదికి సుమారు ఎంత అవుతుందో ఒక చీటీ మీద రాయించుకుని జేబులో పెట్టుకున్నారు.