దేవద్రవ్యమునకు లెక్కచెప్పు ధర్మము

దానమొసగువాడు తన ధనముపై గల హక్కును విడుచును గాని, అది తానుద్దేశించిన కార్యమునకే వ్యయము కావలెనను కోరికను విడువడు. ఆ ధనమును పుచ్చుకొన్న సంఘము ఆ కోరికకు కాపరి. కాపరియైనవాడు అడిగినపుడు మాత్రమే గాక, అడుగకమునుపే లెక్క చెప్పవలెను. ఈ పాఠమున మేము నిరూపింపబూనిన విషయమిదియే.

పెద్ద దేవస్థానములను గూర్చి మేమిచట ముచ్చటింపము. వానికి ఉద్యోగులును, ఆడిటర్లును, ప్రశ్నించు పత్రికలును గలవు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములందును, వాని చుట్టుపట్ల పల్లెలందును పదిమంది చందాలతో నడుచు భజన మందిరములు, అన్నదాన సంఘములు, ఉత్సవ కమిటీలు, ప్రార్థన సమాజములు, చిన్న మసీదులు, చర్చీలు, వీనిని గూర్చియే మా విన్నపము. ఏ మతమువారైనను చందాపుస్తకము ముందర సమానులే.

1. పూర్వాచారము

లెక్కల ప్రకటనము పరదేశమునుండి వచ్చిన వింత యని కొందఱందురు. అది సరికాదు. ఈ సీమ పూర్వపు రేనాడు. కలమళ్ళ, ఎఱ్ఱగుడిపాడు శాసనములు 6వ శతాబ్దమునాటి రేనాటి చోళులవి; తెలుగున లభించిన మిక్కిలి ప్రాచీన శాసనములలోనివి. ఈ సీమలోని దానశాసనములలో పెక్కింట ఇచ్చినదెవరు, పుచ్చుకొన్నదెవరు, ఎంత భూమి యను వివరములుండును. దానమును చెఱచినవానికి గలుగు పాపమును గూడ చెప్పబడును. సంస్కృతమును విడిచి దేశభాషయందు వ్రాయించుటచే అవి ఊరివారికి అర్థమగు భాషలోనే ఊరిలో నిలిచినవి. రాతిపై చెక్కి పదిమందిలో నిలుపుటకన్న బహిరంగ ప్రకటన మేమున్నది?

అయితే శాసనము వచ్చినదానిని చెప్పును గాని పోయినదానిని చెప్పదు. నేటి మందిరముల గోడలపై గల పాలరాతి పలకలును అట్టివే. దాతల పేర్లును, మొత్తములును బంగారు రంగుతో వెలుగుచుండును. ఖర్చు వ్రాసిన పలక మాత్రము మేమెచ్చటను చూడలేదు. మన కొఱత యెచ్చటనున్నదో దీనివలన తెలియుచున్నది.

2. ఒక దృష్టాంతము

ఈ ప్రాంతమునందే యొక గ్రామము, పేరుతో పనిలేదు. అచటి భజన మందిరమునకు ఒక పెద్దమనిషి ఇరువది యేండ్లు కోశాధికారిగా నుండెను. సత్యవంతుడు. చందాలను తన ఇంటి పెట్టెలోనే యుంచెడివాడు. ఇటీవలి కాలమున క్యూఆర్ కోడు అట్ట యొకటి మందిర ద్వారమున వ్రేలాడదీసెను. కాని అది ఆయన సొంత ఖాతాకు చెందినది. చిట్టా లేదు, రశీదు లేదు, అంతయు నోటిలెక్క.

ఆయన హఠాత్తుగా మరణించిన పదునైదు దినములకే, శిఖరము పనికై కూడిన సొమ్మెంత యను ప్రశ్న పుట్టెను. ఆయన భార్య ఇంటనున్నదంతయు తెచ్చి పెద్దల ముందుంచెను. చాలదనిరి. ఎంత చాలదో యెవరును చెప్పజాలరైరి. ఆమె మా యొద్దకు వచ్చి, "మా ఇంటాయన దొంగ కాదని ఒక కాగితం రాసియ్యండి సామీ" అని యడిగెను.

అట్టి కాగితమును వ్రాయుటకు మాకు శక్తి లేకపోయెను. అది ఇరువది యేండ్లు నెలనెలయు వ్రాయబడవలసిన కాగితము. మేమును ఆ మందిరమునకు చందా ఇచ్చినవారమే. ఒక్కనాడును రశీదడిగినవారము కాము. తగవు కోర్టుకెక్కలేదు గాని ఆ కుటుంబము ఊరు విడిచినది. లెక్క యనునది దొంగను పట్టుటకే యని తలంచువారు ఈ సంగతిని యోచింతురు గాక. దొంగకు లెక్క శత్రువు. సత్యవంతునికి అదియొక్కటే సాక్షి.

3. చట్టము

ధర్మసంస్థల విచారణను 1817 నాటి మద్రాసు 7వ రెగ్యులేషను రెవెన్యూ బోర్డున కప్పగించెను. 1863 నాటి 20వ చట్టముచే ప్రభుత్వము తొలగి, స్థానిక కమిటీల కా భారము చేరెను. పానగల్ రాజాగారి మంత్రివర్గ కాలమున 1925లో మద్రాసు హిందూ దేవాదాయ చట్టమేర్పడి, 1927లో మరల శాసింపబడెను. నేడు హిందూ సంస్థలకు 1987 నాటి ఆంధ్రప్రదేశ చట్టము రిజిష్టరీని, బడ్జెట్టును, లెక్కల తనిఖీని విధించుచున్నది.

సొసైటీలుగా రిజిష్టరైన వానిని గూర్చి యొక ముచ్చట. 1860 నాటి సొసైటీల చట్టము ఏటేట కార్యవర్గపు పట్టీని మాత్రమే యడిగెను, లెక్కలనడుగలేదు. ఆ చట్టపు అలవాటు మన సంఘములలో నేటికిని పోలేదు. రాష్ట్రమునకు 2001లో వేఱు చట్టము వచ్చినను, కాగితములు రిజిష్ట్రారు కచేరీకి పోవుటతో ధర్మము తీరినదని మనవారు తలంచుచున్నారు. కచేరీ బీరువాలోని లెక్క ఊరివారికి చెప్పిన లెక్క కాదు.

4. చేయవలసినది

మొదటిది, ఖాతా సంఘము పేరనే యుండవలెను. సొమ్ము తీయుటకు ఇద్దఱి సంతకములుండవలెను. ద్వారముననుండు కోడును ఆ ఖాతాదే కావలెను.

రెండవది, ప్రతి చందాకును వరుస సంఖ్యగల రశీదు. బియ్యము, బేడలు, నూనె మొదలగు వస్తుదానములకును ఇట్లే.

మూడవది, హుండీకి రెండు తాళములు, ఇద్దఱి చేతులలో. పదిమంది యెదుట తెఱచి, లెక్కించి, అచ్చటనే వ్రాసి సంతకములు చేయవలెను.

నాల్గవది, శిఖరమునకై ఇచ్చినది ఉత్సవమునకు వాడరాదు. ప్రత్యేక నిధిని ప్రత్యేకముగ చూపవలెను.

ఐదవది, నెలకొక కాగితము గోడపై నంటింపవలెను. మాదిరికి: గత నిలువ రూ. 4,200, చందాలు రూ. 6,500, హుండీ రూ. 2,300, వెరసి రూ. 13,000. నూనె, పూలు రూ. 1,800, అన్నదానము రూ. 5,400, విద్యుత్తు రూ. 800, వెరసి ఖర్చు రూ. 8,000. నిలువ రూ. 5,000, ఇందు శిఖర నిధి రూ. 3,000. దీనికి అర గంట చాలును.

ఆఱవది, ఏటికొకసారి మాన్యములు, వాని కౌలు, నగలు, పాత్రలు పట్టీ వేసి, కమిటీలో లేని యొకనిచే లెక్క చూపించి, సభలో బిగ్గరగా చదివింపవలెను. చదువురాని దాతకును తెలిసికొను హక్కు గలదు గదా.

5. ఆక్షేపణలు

"మాది చిన్న సంఘము, ఇంత హంగామా యేల?" అందురు. ప్రొద్దుటూరు బంగారమునకును, వస్త్రములకును పేరుపడిన వర్తకస్థలము. అచట రవ్వంత బంగారమునకైనను పద్దు వ్రాయని వర్తకుడు గలడా? సొంత అంగడికి చిట్టా ఆవర్జాలుంచువారు దేవుని సొమ్మును జ్ఞాపకమునకు వదలుట న్యాయమా?

"గుప్తదానముల మాటయేమి?" అందురు. పేరును దాచవచ్చును; మొత్తమును దాచరాదు.

"ఇది మతమునందు జోక్యము" అందురు. 1954లో శిరూరు మఠము వ్యాజ్యమున సుప్రీముకోర్టువారు ఆరాధనాచారములు మతమువారి స్వాతంత్ర్యమనియు, ఆస్తి నిర్వహణమును చట్టము క్రమపఱుపవచ్చుననియు తేల్చిరి. దీపము వెలిగించు విధము మీది. నూనె ఖరీదు మనందఱిది.

"అడిగిన పెద్దలకు కోపము వచ్చును" అందురు. ఇదియే నిజమైన యడ్డంకి. కావున అడుగువారికన్న ముందుగా పెద్దలే చెప్పుట మేలు. తాను ఖజానా పట్టినవాడు తానే మొదటి కాగితము నంటించెనా, పిమ్మట అడుగుట అవమానము కాదు.

చదువరులారా, మీరందఱును ఏదో యొక సంఘమునకు చందాదారులే, పెక్కుమంది కార్యవర్గములందున్నవారు. వచ్చు నెల మొదటి దినమున మీ మందిరపు గోడపై నొక కాగితముండునట్లు చూడుడు. మన పూర్వులు రాతిపై సగము లెక్క వ్రాసిపోయిరి. తక్కిన సగము మనము వ్రాయవలసియున్నది.

విచారణకు ప్రశ్నలు

1. మీ సంఘపు సొమ్ము ఎవరి పేరనున్నది?
2. కోశాధికారి రేపు లేకపోయినచో లెక్క ఎవరు చెప్పగలరు?
3. మీరిచ్చిన కడపటి చందాకు రశీదు మీ యొద్దనున్నదా? లేనిచో తప్పెవరిది?