కష్టకాలం రాకముందే ఇంటిని సిద్ధం చేసుకుందాం

మీ మనిషి మంచం పక్కన కూర్చొని ఈ పుస్తకం చదువుతున్నారు కదా! ఆసుపత్రికి వచ్చిన రోజును ఒకసారి గుర్తు చేసుకోండి. ఆధార్ కార్డు ఎక్కడ ఉంది, పాత మందుల చీటీ ఎవరి దగ్గర ఉంది, ఎవరికి ఫోన్ చేయాలి అని వెదుక్కోవడంలోనే ఎంతో సమయం పోయి ఉంటుంది. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడం మొదలుపెడితే లాభం లేదని మన పెద్దలు చెబుతారు. ఆ బావిని ముందే తవ్వుకోవడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మనకు ఇది ఎందుకు ముఖ్యం?

బొల్లారం, పాశమైలారం, పటాన్‌చెరు చుట్టూ మందులు, రసాయనాలు తయారు చేసే ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. వాటి పక్కనే మన ఇళ్ళు, పిల్లల బడులు ఉన్నాయి. 2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది ఇతర రాష్ట్రాల నుండి పనికి వచ్చినవారు. మృతదేహాలను గుర్తించడానికి డి.ఎన్.ఎ. పరీక్షలు చేయవలసి వచ్చింది. ఆ ఫలితాల కోసం కుటుంబాలు రోజుల తరబడి ఆసుపత్రుల దగ్గర ఎదురుచూశాయి.

2020 మే 7న విశాఖపట్నంలో స్టైరిన్ గ్యాస్ లీకైనప్పుడు తెల్లవారుజామున జనం ఇంకా నిద్రలో ఉన్నారు. పరుగెత్తుతూనే కొందరు రోడ్డు మీద పడిపోయారు. 1984 డిసెంబరులో భోపాల్‌లోనూ అర్ధరాత్రే గ్యాస్ వచ్చింది. ప్రమాదం మనల్ని అడిగి రాదు. కాని ఏం చేయాలో ముందే తెలిసిన ఇంట్లో నష్టం తగ్గుతుంది.

1. ఒక కాగితాల సంచి

ఒక ప్లాస్టిక్ సంచిలో వీటిని ఉంచండి: అందరి ఆధార్, రేషన్ కార్డు, ఇ.ఎస్.ఐ. కార్డు, బ్యాంకు పాస్‌బుక్కుల జిరాక్సులు, ఒక్కొక్కరి ఫోటో, బి.పి., షుగర్, ఫిట్స్ వంటి జబ్బులకు వాడే మందుల చీటీ. పడని మందుల పేర్లు. ఈ సంచి ఎక్కడ ఉందో ఇంట్లో పెద్ద పిల్లలకు కూడా తెలియాలి. అన్నిటినీ ఫోన్‌లో ఫోటో తీసి, ఊళ్ళో ఉన్న ఒక బంధువుకు పంపండి.

2. పనికి వెళ్ళే మనిషి వివరాలు

"మీ ఆయన ఏ కంపెనీలో చేస్తారమ్మా?" అని అడిగితే కొందరు కాంట్రాక్టరు పేరే చెబుతారు. కంపెనీ పేరు తెలియదు. ప్రమాదం జరిగిన రోజున ఇదే పెద్ద కష్టం. అందుకే ఒక కాగితం మీద ఇవి రాసి గోడకు అంటించండి: కంపెనీ పేరు, పని చేసే విభాగం, కాంట్రాక్టరు పేరు, ఫోన్ నంబరు, తోటి కార్మికులు ఇద్దరి నంబర్లు. షిఫ్టు మారిన రోజు ఇంట్లో చెప్పి వెళ్ళే అలవాటు చేసుకోవాలి. ఏ రసాయనాలతో పని చేస్తున్నారో వాటి పేర్లు కూడా అడిగి రాసి ఉంచండి. ఆ పేరు తెలిస్తే డాక్టరుకు చికిత్స చేయడం సులువవుతుంది.

కాంట్రాక్టు కార్మికులకు కూడా నిర్ణీత జీతం పరిమితి లోపల ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. జీతం చీటీలో ఆ కోత ఉందా, కుటుంబ సభ్యుల పేర్లు నమోదయ్యాయా అని ఇప్పుడే చూసుకోండి. పనిలో ప్రమాదం వల్ల కార్మికుడు చనిపోతే, అతని మీద ఆధారపడినవారికి ఇ.ఎస్.ఐ. నుండి నెలనెలా డబ్బు వస్తుంది. పేరు నమోదు కాకపోతే ఆ కుటుంబం ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తుంది.

3. గాలిలో ఘాటైన వాసన వస్తే

• ఇంట్లో ఉంటే తలుపులు, కిటికీలు మూసి, సందుల్లో తడి గుడ్డలు పెట్టండి. ఫ్యాన్, కూలర్ వాడకండి. పొయ్యి, అగ్గిపుల్ల వెలిగించకండి.
• ముక్కుకు, నోటికి తడి గుడ్డ అడ్డం పెట్టుకోండి.
• బయట ఉంటే, లేక అధికారులు ఖాళీ చేయమంటే, గాలి వీచే దిశలో పరుగెత్తవద్దు. గాలికి అడ్డంగా, పక్కకు వెళ్ళండి. చాలా గ్యాసులు గాలి కంటే బరువైనవి. కాబట్టి పల్లంలోకి, వాగులోకి దిగవద్దు.
• కళ్ళు మండితే నలపకుండా శుభ్రమైన నీటితో 15 నిమిషాలు కడగండి.

కుటుంబమంతా కలుసుకోవలసిన చోటు ఒకటి ముందే అనుకోండి. ముసలివారిని, పసిపిల్లలను ఎవరు తీసుకొని వెళ్ళాలో కూడా ఇంట్లో మాట్లాడుకోండి.

ప్రమాదకర రసాయనాలు వాడే ఫ్యాక్టరీ, ప్రమాదం జరిగితే ఏం చేయాలో చుట్టుపక్కల వారికి ముందే తెలియజేయాలని 1989 నాటి నిబంధనలు చెబుతున్నాయి. బస్తీవారంతా కలిసి వెళ్ళి అడగండి. అది మీ హక్కు.

4. కాలిన గాయానికి మొదటి సాయం

కాలిన చోట 20 నిమిషాలు మామూలు నీళ్ళు ధారగా పోయండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు, వెన్న పూయవద్దు. ఐసు పెట్టవద్దు. బొబ్బలు చిదపవద్దు. రసాయనం మీద పడితే ఆ బట్టలు వెంటనే తీసేసి, నీళ్ళతో బాగా కడగాలి. పొడి రసాయనమైతే ముందుగా దులిపి, ఆ తరువాత కడగాలి. తరువాత శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకొని రండి.

5. చేతిలో కొంత డబ్బు

అందరి ఆదాయం ఒకేలా ఉండదు. వారానికి 50 రూపాయలు పక్కన పెట్టినా ఏడాదికి 2,600 అవుతుంది. రాత్రివేళ దారి ఖర్చుకు, మందులకు అవి ఆదుకుంటాయి. వడ్డీవ్యాపారి గడప తొక్కనక్కర లేదు. బ్యాంకు ఖాతా ఉన్నవారు ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరవచ్చు. ఏడాదికి 20 రూపాయలు కడితే, ప్రమాదంలో చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షల రూపాయలు వస్తాయి. నామినీ పేరు తప్పకుండా రాయించండి.

6. నోటికి రావలసిన నంబర్లు

అంబులెన్సు 108. అగ్నిమాపక దళం 101. ఏ అత్యవసరానికైనా 112. వంటగ్యాస్ లీకైతే 1906. ఫోన్ చేసినప్పుడు "బొల్లారం" అంటే సికింద్రాబాద్ దగ్గరి బొల్లారం అనుకోవచ్చు. కాబట్టి "సంగారెడ్డి జిల్లా, ఐ.డి.ఏ. బొల్లారం" అని చెప్పి, మీ వీధి గుర్తు కూడా చెప్పండి. పిల్లల చేత ఈ మాటలు రెండు మూడు సార్లు పలికించండి.

ఇంట్లో చర్చించుకోండి

1. ఈ రాత్రి ఇల్లు వదలవలసి వస్తే మన కాగితాల సంచి ఎక్కడ ఉంది?
2. ఇంట్లో పనికి వెళ్ళేవారి కంపెనీ పేరు మిగతావారికి తెలుసా?
3. మంచం దిగలేని మనిషిని బయటకు తెచ్చేది ఎవరు? పక్కింటివారి సాయం ముందే అడిగామా?

ఈ మూడింటిలో ఒక్కదానికి జవాబు లేకపోయినా, మీ మనిషి డిశ్చార్జి అయి ఇంటికి వెళ్ళిన వారంలోనే ఆ పని పూర్తి చేయండి. పక్కింటివారికి కూడా చదివి వినిపించండి.