టోటల్ లాసా, రిపేరా? ఆ లెక్క తేల్చేవాళ్లు కావాలి

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే గంపలగూడెం, తిరువూరు ఇళ్లలో వినిపించే మాట ఒకటే. ఇంటర్ ఎంపీసీ, ఆ తర్వాత బీటెక్ కంప్యూటర్ సైన్స్. పిల్లాడికి ఏది ఇష్టమో అడిగేవాళ్లు తక్కువ. ఇంజిన్ చప్పుడు విని లోపం ఎక్కడుందో చెప్పగల కుర్రాడు ఇంట్లో ఉంటే సంతోషించాల్సింది పోయి, వీడు మెకానిక్ అయిపోతాడేమోనని భయపడుతున్నారు. ఆ భయంతోనే తోట తాకట్టు పెట్టి మేనేజ్‌మెంట్ కోటాలో సీటు కొంటున్నారు. మెకానికల్, ఆటోమొబైల్ చదివినవాడికి షెడ్డు తప్ప దారి లేదన్నది అపోహ. అసలు షెడ్డు నడుపుకోవడంలో చిన్నతనం ఏముందో నాకు అర్థం కాదు. అయినా ఇవాళ చెప్పబోయేది ఇంకో దారి గురించి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ మీద విరుచుకుపడింది. సింగ్‌నగర్ చుట్టుపక్కల కార్లు, ఆటోలు, స్కూటర్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. నీళ్లు తగ్గిన తర్వాత ప్రతి బండి యజమానిదీ ఒకటే ప్రశ్న: దీన్ని బాగుచేయిస్తారా, టోటల్ లాస్ కింద రాసేస్తారా? ఆ లెక్క కట్టి నివేదిక రాసేవాడు సర్వేయర్. పూర్తి పేరు ఇన్సూరెన్స్ సర్వేయర్ అండ్ లాస్ అసెసర్. కట్టలేరు పొంగి వినగడప దగ్గర రాకపోకలు ఆగడం చూసిన మన పిల్లలకు, నీళ్లు బండిని ఏం చేస్తాయో ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ లెక్క ఎలా కడతారో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ పనిలోని రుచి అంతా అందులోనే ఉంది. పాలసీలో ఐడీవీ (ఇన్సూర్డ్ డిక్లేర్డ్ వాల్యూ) అని ఒక అంకె ఉంటుంది. అదే మోడల్ కొత్త బండి ధరలోంచి వయసును బట్టి తరుగు తీసేస్తే వచ్చేది: ఆరు నెలల లోపు బండికి 5 శాతం, ఏడాది దాటి రెండేళ్ల లోపైతే 20, నాలుగు దాటి అయిదేళ్ల లోపైతే 50. కొత్తది 8 లక్షలు పలికే కారు నాలుగున్నరేళ్ల వయసుదైతే ఐడీవీ 4 లక్షలు. బండిని తీసుకొచ్చే ఖర్చు, రిపేరు ఖర్చు కలిపి, పాలసీ షరతుల ప్రకారం, ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్‌గా లెక్కిస్తారు. 2002 నాటి మోటారు టారిఫ్‌లోని ఈ గీటు ఇప్పటికీ పాలసీల్లో కనిపిస్తుంది. అంటే ఈ కారుకు గీటు 3 లక్షలు. నీళ్లు డ్యాష్‌బోర్డు దాకా వచ్చాయంటే వైరింగ్, ఈసీయూ, ఎయిర్‌బ్యాగులు, సీట్లు అన్నీ పోతాయి, బిల్లు ఆ గీటును తేలిగ్గా దాటేస్తుంది. అదే నీళ్లు ఫుట్‌బోర్డు దగ్గరే ఆగితే రిపేరుతో సరిపోవచ్చు.

గీటు దాటని బండి విషయంలో అసలు పరీక్ష మొదలవుతుంది. జీరో డిప్ (తరుగు కోత లేకుండా చెల్లించే అదనపు రక్షణ) లేని పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి సగం ధరే ఇస్తారు. ఫైబర్‌కు 30 శాతం కోత. అద్దాలకు కోత లేదు. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి కోత పెరుగుతుంది. మునిగిన బండికి తాళం తిప్పి ఇంజిన్‌లోకి నీళ్లు లాగించారో లేదో కూడా తేల్చాలి. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు రక్షణ తీసుకోని యజమానికి ఆ ఒక్క పొరపాటుతో ఇంజిన్ క్లెయిమ్ చేజారిపోవచ్చు. టోటల్ లాస్ అయితే తుక్కు విలువ కట్టాలి. యజమాని ఆ తుక్కును తానే ఉంచుకుంటే దాని ధర మినహాయించి మిగతాది చెల్లిస్తారు.

షెడ్డువాడు ఎస్టిమేట్ పెంచి చూపిస్తాడు, కంపెనీ తగ్గించమంటుంది, యజమాని కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. ఈ ముగ్గురి మధ్య నిలబడి, బంపర్ విప్పించి, ఛాసిస్ వంగిందో లేదో కొలిచి, ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఒక్కసారి కవరు పుచ్చుకుంటే ఆ వృత్తిలో ఆ పేరు చెరగదు. బతిమాలినా బెదిరించినా అంకె మార్చలేని స్వభావం ఉన్న పిల్లలకే ఈ దారి చెబుతాను. ఆడపిల్లలైనా సరే.

అర్హత సంగతి క్లుప్తంగా: ఇంజినీరింగ్ డిప్లొమా లేదా డిగ్రీ ఉండాలి, ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా నిర్వహించే సర్వేయర్ పరీక్ష రాయాలి, లైసెన్సున్న సీనియర్ దగ్గర 12 నెలల శిక్షణ పొందాలి, ఆ తర్వాత హైదరాబాద్‌లోని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్సు ఇస్తుంది.

నేను ఇష్టపడే వరుస ఇది. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మెకానికల్ లేదా ఆటోమొబైల్ డిప్లొమా. సెలవుల్లో విజయవాడ ఆటోనగర్‌లో ఏదో ఒక షెడ్డులో డెంటింగ్, ఇంజిన్ పనులు చేత్తో చేయడం. లారీ గుద్దుకుంటే ఏ భాగం ముందు నలుగుతుందో తరగతి గదిలో ఎవరూ నేర్పరు. బీటెక్ కావాలనుకుంటే ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరవచ్చు. లక్షల అప్పు చేసిన తల్లిదండ్రుల మొహం చూస్తూ చదివే సీఎస్‌ఈ కన్నా ఈ దారిలో పిల్లాడికి ఊపిరి ఆడుతుంది. ప్రైవేటు బీమా కంపెనీల మోటారు క్లెయిమ్స్ విభాగాల్లో డిప్లొమా, బీటెక్ వాళ్లకు ఉద్యోగాలున్నాయి. ప్రభుత్వ రంగ సాధారణ బీమా కంపెనీల్లో ఏఓ (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) స్పెషలిస్టు నోటిఫికేషన్లు వచ్చినప్పుడు ఆటోమొబైల్ ఇంజినీర్లకూ పోస్టులు ఉంటుంటాయి. అక్కడ పని నేర్చుకుని, తర్వాత స్వతంత్ర సర్వేయర్‌గా బయటికి రావడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక హెచ్చరికలు. స్వతంత్ర సర్వేయర్‌కు జీతం ఉండదు, కేసుకింత అని ఫీజు. కంపెనీలు కేసులు ఇస్తేనే పని. మొదటి రెండుమూడేళ్లు చేతిలో డబ్బు ఆడదు, పెళ్లి సంబంధాల దగ్గర ఈ మాట చెప్పుకోవడమూ కష్టమే. ఫోన్‌లో ఫొటోలు తీసి పంపితే చిన్న క్లెయిములు తేలిపోతున్న కాలమిది. కాబట్టి గీతలు, సొట్టలు చూసి బతకొచ్చనుకునేవాళ్లకు ముందు రోజులు గడ్డుగానే ఉంటాయి. వరద బళ్లు, బోల్తాపడ్డ లారీలు, కాలిపోయిన ట్రాక్టర్లు చూడగలిగినవాళ్లకే పని నిలుస్తుంది.

లైసెన్సు గ్యారంటీ, మొదటి నెల నుంచే ఆదాయం అంటూ ఫీజులు అడిగే సంస్థలను దూరం పెట్టండి. లైసెన్సు ఇచ్చేది ఐఆర్‌డీఏఐ ఒక్కటే. పరీక్షకు పుస్తకాలు ఇన్‌స్టిట్యూటే ఇస్తుంది, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. కోచింగ్ కన్నా శిక్షణ ఇచ్చే సీనియర్‌ను వెతకడానికి సమయం పెట్టండి. ఆయనకు ఏ విభాగాల్లో లైసెన్సు ఉందో, నెలకు ఎన్ని బళ్లు చూస్తారో, మిమ్మల్ని వెంట తీసుకెళ్తారా లేక సంతకాలకే పరిమితం చేస్తారా అని మొహమాటం లేకుండా అడగండి. సరైన జవాబు రాకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. అమ్మానాన్నలు కూడా వెంట వెళ్లి, ఒక రోజంతా ఆ పని ఎలా సాగుతుందో చూసి రావడం మంచిది.